అప్పు చేసి కానుక ఇవ్వమని దేవుడు అడిగాడా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది గాజువాక. మా ఆయన పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తారు, నెలకి 21,000 వస్తుంది. నేను ఇంట్లో మిషను కుడతాను, ఆరు వేల దాకా వస్తుంది. అద్దె, పాప ఫీజు, అత్తయ్య సుగర్, బీపీ మందులు పోతే మిగిలేది తక్కువే. మా చర్చికి కొత్త మందిరం కడుతున్నారు. పోయిన ఏడాది కూటాల ఆఖరి రాత్రి నేను కూడా చెయ్యెత్తి 50,000 ఇస్తానని కార్డు మీద రాశాను. మా ఆయనకి చెప్పలేదు, ఆయన క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మాత్రమే వస్తారు. నా దుద్దులు తాకట్టు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి కట్టాను. మిగతాది కట్టలేకపోతున్నాను. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదువుతున్నారు. దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు కూడా రెండు నెలలుగా పూర్తిగా ఇవ్వలేదు. కానుకకి సరిపెట్టడానికి అత్తయ్య మందులు నెలకి బదులు ఇరవై రోజులకే తెస్తున్నాను. పాపకి మాటిమాటికీ జ్వరం వస్తోంది, దేవుడి సొమ్ము ఆపినందుకే అని ఒక సిస్టర్ అన్నారు. సండే స్కూలు, క్వయర్, బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, అన్నిట్లో నేనున్నాను. "నువ్వు ఇంట్లో ఎప్పుడుంటావమ్మా" అని పాప అడుగుతోంది. నేను దేవుడి దగ్గర దొంగనయ్యానా అక్కా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

చెల్లెమ్మా, ముందు పాప జ్వరం సంగతి. రేపు పొద్దున్నే డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించు. మన విశాఖలో వానలు మొదలైతే మలేరియా, డెంగీ ఎవరి ఇంటికైనా వస్తాయి, పైసాతో సహా దశమభాగం లెక్కకట్టి ఇచ్చేవాళ్ల ఇంటికీ వస్తాయి. పుట్టు గుడ్డివాడిని చూసి, వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలు చేశారా అని శిష్యులు అడిగితే యేసు ప్రభువు ఇద్దరూ కాదన్నాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది, చదువు. పిల్ల జ్వరాన్ని తల్లి కానుక కవరుతో ముడిపెట్టిన ఆ మాట ప్రేమతో అన్నా సరే, తప్పు మాట, దాన్ని మనసులో పెట్టుకోకు.

ఇక దొంగనయ్యానా అన్నావు. పదో వంతు ఇవ్వనివాళ్లు దేవుడి దగ్గర దొంగిలించినట్టే అనే ఆ మాట మలాకీ 3వ అధ్యాయంలోది, దశమభాగం గురించి ప్రసంగం వచ్చినప్పుడల్లా మనం వినేదే. కానీ ఆ వచనానికి కాస్త పైకి వెళ్లి 5వ వచనం చూడు. కూలివాడికి కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాండ్రనీ తండ్రిలేని పిల్లలనీ బాధపెట్టేవాళ్ల మీద దేవుడు సాక్ష్యం చెప్పడానికి వస్తానంటున్నాడు. మందిరపు నిధిలో ధాన్యం ఎందుకు ఉండాలన్నాడో కూడా చూడు. సొంత భూమి లేకుండా మందిరంలో సేవ చేసే లేవీయులు తినాలి, ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం మూడేళ్లకోసారి ఆ పదో వంతులోంచి పరదేశులూ తండ్రిలేనివాళ్లూ విధవరాండ్రూ కడుపునిండా తినాలి. అంటే ఆ నిధి లేనివాళ్లని పోషించడానికి పెట్టింది. అద్దె ఇంట్లో ఉండి, మిషను తొక్కి, ముసలావిడకి మందులు కొంటున్న నువ్వు ఆ లెక్కలో ఏ వైపు నిలబడతావో ఒక్కసారి ఆలోచించు.

పదో వంతు ఇవ్వడం తప్పని నేను చెప్పడం లేదు. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇస్తున్నాను, ఇప్పుడు పెన్షన్‌లోంచి కూడా ఇస్తున్నాను, అందులో నాకు చాలా సంతోషం ఉంది. కానీ నాకు సొంత ఇల్లుంది, అప్పులేదు. నా పదో వంతు తీశాక మా ఇంట్లో ఎవరి మాత్రలూ తగ్గవు. నీ పదో వంతు తీస్తే తగ్గుతున్నాయి. రెండూ పదో వంతులే అయినా బరువు ఒకటి కాదు కదా. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి కానుక గురించి రెండు పత్రికల్లో రాశాడు, ఎక్కడా శాతం చెప్పలేదు. ఆదివారం ఆదివారం ఎవరు వర్ధిల్లిన కొలది వాళ్లు కొంత పక్కన పెట్టుకోమన్నాడు, లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే అది ప్రీతికరం అన్నాడు. ఆ చందా కూడా యెరూషలేములో ఇబ్బందిలో ఉన్న విశ్వాసుల కోసం ఎత్తిందే.

ఎవరో ఒకరు నీకు బీద విధవరాలి రెండు కాసుల సంగతి చెబుతారు. చెప్పేవాళ్లని మార్కు 12లో దాని పైన ఉన్న వచనం కూడా చదవమను. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు అప్పుడే హెచ్చరించాడు, వెంటనే ఈ విధవరాలు వచ్చి తనకున్నదంతా వేసింది. ఆవిడ మనసు గొప్పది, ఆ మనసుని ప్రభువు చూశాడు. కానీ ఆవిడని ఎవరూ పేరుపెట్టి పిలిచి వేయించలేదు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ అత్తగారి మందులు. 50,000 కంటే అదే పెద్ద విషయం. మార్కు 7లో ప్రభువు పరిసయ్యుల మీద గట్టిగా కోప్పడ్డ మాట ఉంది. తల్లికో తండ్రికో అందాల్సినదాన్ని కొర్బాను అని, అంటే దేవుడికి అర్పితమని చెప్పి, వాళ్లకేమీ చేయనివ్వకుండా పెడుతున్నారు అన్నాడు. దేవుడి పేరు చెప్పి ఇంట్లో పెద్దవాళ్ల నోటి దగ్గరిది తీసుకోవడం ఆయనకి ఇష్టం లేదు. నువ్వు చెడ్డదానివై అలా చేయలేదు, భయపడి చేశావు, నాకు తెలుసు. కానీ సుగర్ మాత్రలు పది రోజులు ఆపితే ఏమవుతుందో మీ అత్తగారి కాళ్లే చెబుతాయి. ఈ నెల నుంచి ముప్పై రోజులకీ మందులు తెచ్చెయ్. దానికోసం కానుక తగ్గితే తగ్గనీ, దేవుడి ముందు నువ్వేమీ దాచుకున్నట్టు కాదు.

ఇప్పుడు కార్డు సంగతికి వస్తాను. మొక్కుకున్నాక చెల్లించకపోతే తప్పు కదా అని నీకు లోపల గుచ్చుతోంది. ప్రసంగి 5లో మొక్కుబడి ఆలస్యం చేయకు అని ఉన్నమాట నిజమే, నేను దాన్ని కొట్టెయ్యను. కానీ లేవీయకాండం 27వ అధ్యాయం 8వ వచనం మనవాళ్లు ఎవరూ చదివి వినిపించరు. మొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేనంత బీదవాడైతే యాజకుడి ముందుకి వచ్చి నిలబడాలి, యాజకుడు వాడి కలిమి చొప్పున వెల నిర్ణయించాలి. చూశావా, ధర్మశాస్త్రంలోనే దీనికి దారి పెట్టాడు దేవుడు. మాట ఇచ్చినవాడు పారిపోనక్కర్లేదు, చచ్చీచెడీ తెచ్చి కట్టనక్కర్లేదు, వచ్చి తన పరిస్థితి చెప్పుకోవాలి, అంతే. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, పేతురు ముందే పడి చనిపోయిన అననీయ సప్పీరా అనే భార్యాభర్తల కథ గుర్తొచ్చి భయపడుతున్నావేమో. అక్కడ పేతురు అన్నది చూడు, అమ్మకముందు పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. వాళ్లు తక్కువ ఇచ్చినందుకు కాదు, తక్కువ ఇచ్చి అంతా ఇచ్చామని అబద్ధం ఆడినందుకు ఆ గతి పట్టింది. నువ్వు నిజం చెప్పడానికి వెళ్తున్నావు.

పాస్టర్ గారి దగ్గరికి వెళ్లేముందు మీ ఆయనకి చెప్పాలి. కష్టమైన పని ఇదే, నాకు తెలుసు. ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పకు, ఆయన నైట్ షిఫ్ట్ దిగి వచ్చినప్పుడు చెప్పకు. తీరికగా ఉన్న ఒక రాత్రి భోజనాలయ్యాక, పాప పడుకున్నాక, తాకట్టు రసీదు చేతిలో పెట్టి, మొత్తం అంకె ఒకేసారి చెప్పు. 20,000 అని చెప్పి మిగతా 30,000 సంగతి రేపు చెబుదాం అనుకోకు, సగం నిజం బయటపడితే రెండో సగాన్ని ఆయన ఎప్పటికీ నమ్మరు. కోప్పడతారు. కోప్పడనీ. ఆయన చెమటోడ్చి తెచ్చిన డబ్బుతో నడిచే ఇంట్లో ఆయనకి తెలియకుండా బాకీ పెట్టావు, ఆ కోపంలో న్యాయం ఉంది. అప్పుడు చర్చిని వెనకేసుకు రావద్దు, మీరు అవిశ్వాసులు కాబట్టి మీకు అర్థం కాదు అనే మాట అస్సలు అనొద్దు. తప్పు చేశాను, భయమేసి దాచాను అని చెప్పు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి వచ్చే మనిషి మిగతా ఆదివారాలు కూడా రావాలని నువ్వు ప్రార్థన చేస్తున్నావు కదా, ఆయనకి చర్చి అంటే తన ఇంటి డబ్బు తనకి తెలియకుండా వెళ్లిపోయే చోటుగా కనిపిస్తే ఎలా వస్తారు చెప్పు?

వడ్డీ లెక్క కూడా ఇద్దరూ కలిసి చూడండి. 20,000 మీద నూటికి రెండు అంటే నెలకి 400, ఏడాదికి 4,800. మందిరానికి నువ్వు ఇచ్చింది 20,000 అయితే, వడ్డీకిచ్చినాయనకి ఏటా 4,800 వేరే ఇస్తున్నావు. ఆ దుద్దులు అక్కడ విడిపించి ఏదైనా బ్యాంకులో బంగారం అప్పు కింద పెట్టుకుంటే వడ్డీ చాలా తగ్గుతుంది. గాజువాకలో బ్యాంకులకేం తక్కువ లేదు, ఒక పూట పని.

ఆ తర్వాత పాస్టర్ గారి దగ్గరికి వెళ్లు. మీ ఆయన వస్తానంటే మంచిదే, లేకపోతే స్త్రీల సమాజంలో నీకు నమ్మకమైన పెద్దావిడని తోడు తీసుకెళ్లు, ట్రెజరర్ గారిని కూడా ఉండమను. ఇలా చెప్పు: "పాస్టర్ గారూ, నా శక్తి చూసుకోకుండా 50,000 అని రాశాను. ఇచ్చిన 20,000 కూడా తాకట్టు డబ్బు. ముందు ఆ అప్పు తీర్చుకుంటాను. మిగతాది ఇస్తానని ఇప్పుడు మాట ఇవ్వలేను. కార్డు మార్చండి, నా పేరు చదవొద్దండి." ఏడుపొస్తే రానీ, కానీ ఈ నాలుగు మాటలూ పూర్తిగా చెప్పు. ఇచ్చిన డబ్బు వెనక్కి అడగమని నేను చెప్పను, ఇచ్చింది ఇచ్చినట్టే. వాళ్లంతట వాళ్లు తిరిగి ఇస్తామంటే మాత్రం సిగ్గుపడకుండా తీసుకో.

మంచి కాపరి అయితే ఇది విని ఊరుకుంటారు. ఊరుకోవడమే కాదు, నీ కోసం బాధపడతారు కూడా. మన ఊళ్లో చిన్న చర్చిల పాస్టర్లు చాలామంది రేకుల షెడ్డుకి అద్దె కట్టుకుంటూ, కానుకల మీదే పిల్లల్ని చదివించుకుంటున్నారు, వాళ్ల ఇంట్లో కష్టాలు మనకి తెలియవు. మందిరం కట్టాలన్న ఆశ కూడా తప్పుకాదు. అందుకే వాళ్లని శత్రువుల్లా చూడమని చెప్పడం లేదు. కానీ పేర్లు చదవడం మాత్రం ఆపాలి. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ తప్పు నేనే చేశాను.

మా సంఘం వన్‌టౌన్ దగ్గర. పదకొండేళ్లు నేను కానుకల లెక్క చూశాను. ఆరాధన అయ్యాక వెస్ట్రీలో, అంటే చర్చి పక్క గదిలో ఇద్దరం కూర్చుని సంచి తిరగేసి, నోట్లు ఒకవైపు చిల్లర ఒకవైపు పెట్టి, రెండుసార్లు లెక్కించి, రిజిస్టర్‌లో ఇద్దరం సంతకం పెట్టి, సోమవారం బ్యాంకులో వేసేవాళ్లం. మొదటి ఏడాది, ప్రహరీ గోడ కోసం చందా రాసి ఇవ్వనివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించాను. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు, లెక్క లెక్కే కదా అనుకున్నాను. ఆ కాగితంలో ఒకావిడ పేరుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కొని పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో గంపలో పెట్టి అమ్మేవారు. నేను కాగితం అంటించింది మే నెలలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తీరంలో మరబోట్లు వేటకి వెళ్లకూడదు. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటే ఆవిడ గంపలోకి చేపలెక్కడివి? సముద్రం పక్కనే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియనిది కాదు, తెలిసీ గుర్తుకు రాలేదు. రెండు ఆదివారాలు ఆవిడ కనబడకపోతే ఇంటికి వెళ్లాను. నన్ను చూసి తలుపు దగ్గరే నిలబడి "రాసుకున్నది ఇచ్చేస్తానమ్మా, బోట్లు వెళ్లనీండి" అన్నారు, నేను డబ్బుల కోసమే వచ్చాననుకుని. క్షమించమని అడిగాను, కాగితం తీసేశాను. ఆవిడ మా సంఘానికి మళ్లీ రాలేదు, వేరే చర్చికి వెళ్తున్నారని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఆ తలుపు గుర్తొస్తుంది.

ఇంకో మాట, లెక్క అడిగే హక్కు నీకుంది. అడగడం అవిశ్వాసం కాదు. పౌలు అంతటివాడు చందా డబ్బు పట్టుకెళ్లేటప్పుడు ఎవరూ తప్పుపట్టకూడదని ఒక్కడే పట్టుకెళ్లకుండా నమ్మకమైన సహోదరుల్ని తోడు పెట్టాడు, రెండో కొరింథీ 8లో స్పష్టంగా రాశాడు. ఎంత వచ్చింది, సిమెంటుకెంత, ఇనుముకెంత, మేస్త్రీకెంత అని సంవత్సరానికి ఒకసారైనా సంఘం ముందు చదవాలి. చదవాల్సిన కాగితం అది. నిర్గమకాండం 36లో దేవుడి ఆరాధన గుడారం పని చేసేవాళ్లు, జనం అవసరానికి మించి తెస్తున్నారని చెబితే మోషే ఇక తేవద్దని పాళెమంతా చాటించాడు. చాలు అనే మాట మన కమిటీల నోట విని ఎన్నాళ్లైందో!

మరి ఇవ్వడం మానెయ్యనా అని అడుగుతావేమో. మానొద్దు. ఇది చెప్పకపోతే నా ఉత్తరం సగమే అవుతుంది. ఇవ్వడంలో నీకు ఒకప్పుడు సంతోషం ఉండేది, అది పోయింది కాబట్టే నువ్వు నాకు రాశావు, అది నీకు తిరిగి రావాలి. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేది, ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేవి. పాత సంఘాల్లో చాలా ఇళ్లల్లో ఈ అలవాటు ఉండేది. అన్నం తగ్గినట్టు మాకెవరికీ తెలిసేది కాదు, కానీ ఇచ్చాం అని మాత్రం పిల్లలం మాకు కూడా తెలిసేది. అలాంటి కొలత పెట్టుకో. అప్పు తీరేదాకా నువ్వూ మీ ఆయనా కూర్చుని ఒక చిన్న అంకె అనుకోండి, 300 కానీ 500 కానీ, మీ ఇద్దరి నోటి నుంచీ వచ్చిన అంకె. దాన్ని కవర్లో పెట్టి పాప చేత వేయించు. క్రిస్మస్, సంక్రాంతి ముందు నీకు జాకెట్లూ గౌన్లూ కుట్టే పని ఎక్కువ వస్తుంది కదా, ఆ నెలల్లో ఎక్కువ వెయ్యి, పని లేని నెలల్లో తగ్గించు. వర్ధిల్లిన కొలది అంటే నాకు అర్థమైంది ఇదే.

సమయం విషయానికొస్తే, నాలుగు పనుల్లో ఒకటి ఉంచుకుని మూడు వదిలెయ్. ఏది ఉంచుకోవాలో నువ్వే చూసుకో, నన్నడిగితే సండే స్కూలు, ఎందుకంటే పాప కూడా నీతో ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తున్న మోషేని చూసి మామ యిత్రో, నువ్వు చేస్తున్నది మంచి పని కాదు, నలిగిపోతావు అన్నాడు, మోషే విన్నాడు. నువ్వు లేకపోతే క్వయర్ ఆగిపోతుందని ఎవరైనా అంటే, ఇంకో గొంతుకి చోటు దొరికింది అనుకో.

మన ఊరి సంగతే ఒకటి చెబుతాను, సమయం ఇవ్వడం అంటే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఇదే. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, దే గ్రాంజ్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి మార్చే పని పెట్టుకున్నారు. 1809లో క్రాన్ చనిపోయారు, 1810లో దే గ్రాంజ్ చనిపోయారు. 1812లో శ్రీరాంపూర్‌లో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. వాళ్లిద్దరూ ఆ పుస్తకం చూడలేదు. ఎన్ని కూడికలకి వెళ్లారో ఎవరికీ గుర్తులేదు, పట్టుకున్న ఆ ఒక్క పనే ఇవాళ మనం గాజువాకలోనూ వన్‌టౌన్‌లోనూ తెలుగులో వాక్యం చదువుకోవడానికి మొదలైంది.

నీ చేతిలో ఒక పని ఉంది, దాన్ని నువ్వు కానుక లెక్కలో వేసుకోవడం లేదు. అపొస్తలుల కార్యాలు 9లో దొర్కా గురించి చదువు. మనలాంటి సముద్రపు ఊరే, యొప్పే. ఆవిడ చనిపోతే విధవరాండ్రందరూ ఏడుస్తూ వచ్చి, ఆవిడ బతికున్నప్పుడు కుట్టిన అంగీలూ వస్త్రాలూ పేతురుకి చూపించారు. ఎంత చందా ఇచ్చిందో ఎవరూ చెప్పలేదు, బట్టలు పట్టుకొచ్చి చూపించారు. మీ సండే స్కూల్లో తండ్రిలేని పిల్ల ఎవరైనా ఉంటే, బడి తెరిచే ముందు ఆ పిల్ల యూనిఫాం కూలి తీసుకోకుండా కుట్టిపెట్టు. ఏ రిజిస్టర్‌లోనూ రాయించొద్దు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని గుండీలు దానిచేత కుట్టించు, ఆ రెండు గంటలు నువ్వు ఇంట్లోనే ఉన్నట్టు కూడా అవుతుంది.

దుద్దులు విడిపించిన రోజు నాకు రాయి. పాప రక్తపరీక్షలో ఏం వచ్చిందో అది మాత్రం అంతకంటే ముందే రాయి, నేను ఎదురుచూస్తుంటాను.